నలుగురి నడుమ ఒక బొమ్మ

(బొంతపల్లిలో లెక్కల సారు స్మారకార్థం చేసిన ఉపన్యాసం పూర్తి పాఠం)



సారు దగ్గర లెక్కలు నేర్చుకున్న వందలమందిలో నేనొకణ్ణి. ఇప్పుడు ఒక ఇంజనీరింగ్ కళాశాలలో కంప్యూటర్ సైన్సు చెబుతున్నాను. సారు పేరిట మాట్లాడమని నిర్వాహకులు అడిగినప్పుడు ఏ విషయం మీద అనే ఆలోచన నాకు ఎక్కువసేపు పట్టలేదు. సారు ఒకప్పుడు చెప్పిన ఒక్క మాట చుట్టూ నా చదువంతా తిరిగింది. దాన్ని ఆయన ఊళ్లోనే, ఆయన మనుషుల ముందే చెప్పుకోవాలనిపించింది.

రెండు తాళాల పెట్టె

పదో తరగతి పరీక్షలప్పుడు సారుకు చాలా ఏళ్లు కస్టోడియన్ డ్యూటీ పడేది. ప్రశ్నపత్రాలు పోలీస్ స్టేషన్‌లో ట్రంకు పెట్టెలో ఉండేవి. పెట్టెకు రెండు తాళాలు. ఒక తాళంచెవి సారు దగ్గర, రెండోది ఇంకో అధికారి దగ్గర. ఒక ఏడాది పొద్దున ఆ రెండో ఆయన మోటార్ సైకిల్ దారిలో పంక్చరై రావడం ఆలస్యమైంది. సారు చేతిలో తాళంచెవి పట్టుకుని పెట్టె ముందు నిలబడి ఎదురుచూశారట. ఆ సాయంత్రం మా ఇంటి అరుగు మీద కూర్చుని ఈ సంగతి చెబుతూ ఆయనన్న మాట ఇది: "నా చేతుల పేపరు లేదు. ఆయన చేతుల గూడ లేదు. పేపరు ఇద్దరి నడుమ ఉన్నది."

అప్పుడు నాకు అది మామూలు మాటలాగే వినపడింది. చాలా ఏళ్ల తర్వాత గూఢలిపి శాస్త్రం చదువుతూ ఒక పాఠం దగ్గర ఆగిపోయాను. వస్తువు ఏ ఒక్కరి చేతిలోనూ లేకుండా అందరి నడుమా ఉండవచ్చని ఆ పాఠం గణితంలో రుజువు చేస్తోంది. సారు అరుగు మీద చెప్పింది అదే. ఈరోజు ఆ పాఠాన్ని బొమ్మలకు వర్తింపజేసి చెబుతాను. బొమ్మలకే ఎందుకంటే, మన ఊరి మనిషికి అన్నిటికన్నా విలువైన రహస్యం అక్షరాల్లో ఉండదు, బొమ్మలో ఉంటుంది. అది వేలిముద్ర.

అమ్మ బొటనవేలు

మా అమ్మకు చదువు రాదు. మా పొలం అమ్మిన రోజు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకు ఆమె వెంట నేనూ వెళ్లాను. డాక్యుమెంట్ రైటర్ ఆమె ఎడమచేతి బొటనవేలు పట్టుకుని సిరా ప్యాడ్ మీద అటూ ఇటూ దొర్లించి కాగితం మీద ఒత్తించాడు. మొదటిసారి సరిగా పడలేదు. కలుపు తీసి, కారం దంచి, గిన్నెలు తోమిన వేలు అది. గీతలు అరిగిపోయాయి. తడిగుడ్డతో తుడిపించి మళ్లీ ఒత్తించాడు. ఈసారి పడింది. అమ్మ వేలికంటిన సిరాను తలకు రాసుకుని తుడుచుకుంటూ, "అయిపోయిందా బిడ్డా?" అనడిగింది. అయిపోయిందన్నాను. అది తప్పని తర్వాత తెలిసింది. ఆ ముద్ర పని అప్పుడే మొదలైంది.

బొంతపల్లి, జిన్నారం, గుమ్మడిదల, పటాన్‌చెరు చుట్టూ పరిశ్రమలు వచ్చాక భూములు ఎన్నిసార్లు చేతులు మారాయో మీకు నాకన్నా బాగా తెలుసు. మారిన ప్రతిసారీ కాగితం మీద ముద్రలు పడ్డాయి. ఆ కాగితాలు స్కాన్ అయి కంప్యూటర్లలోకి చేరాయి. 2018 జూన్‌లో హైదరాబాద్ పోలీసులు ఒక కేసు బయటపెట్టారు. పెద్దపల్లి జిల్లాలో సిమ్ కార్డులు అమ్మే ఒక వ్యక్తి, ఆన్‌లైన్‌లో దొరికే భూమి దస్తావేజుల నుంచి వేలిముద్రల బొమ్మలు తీసుకున్నాడని, రబ్బరు స్టాంపులు చేసే యంత్రంతో వాటికి నకళ్లు తయారుచేసి వేల సిమ్ కార్డులు యాక్టివేట్ చేశాడని పోలీసులు చెప్పారు. అతను ఏ తాళమూ పగలగొట్టనక్కరలేదు. బొమ్మ మొత్తం ఒక్కచోట, చూసే ప్రతివాడి కంటికీ కనిపించేలా ఉంది.

వేలిముద్రతో మనిషిని పోల్చే ఆధునిక పద్ధతి చరిత్రలో మన దేశానికి పెద్ద చోటుంది. 1858లో బెంగాల్‌లో విలియం హెర్షెల్ అనే అధికారి రాజ్యధర్ కోనాయ్ అనే కాంట్రాక్టరు చేత రోడ్డు సామగ్రి ఒప్పందం మీద అరచేతి ముద్ర వేయించుకున్నాడు. 1897లో కలకత్తాలో వేలిముద్రల బ్యూరో ఏర్పడింది. ముద్రలను వర్గీకరించే పద్ధతికి అక్కడే అజీజుల్ హక్, హేమచంద్ర బోస్ లెక్క కట్టారు. అప్పట్లో ముద్ర కాగితం మీదే ఉండేది. దాన్ని దొంగిలించాలంటే ఆ కాగితం దాకా రావాలి. ఇప్పుడు ఆ బొమ్మ రేషన్ దుకాణంలో బియ్యానికి తాళంచెవి, బ్యాంకులో డబ్బుకు తాళంచెవి. అలాంటి తాళంచెవి నకలు ఊరంతా తిరుగుతుంటే మనం తాళం మార్చుకుంటాం. వేలు ఎలా మార్చుకుంటాం?

పంపకం రెండు రకాలు

బొమ్మను ముక్కలు చేసి తలా ఒక ముక్క దాస్తే సరిపోదా అని ఎవరికైనా అనిపిస్తుంది. అక్కడే జాగ్రత్తగా ఆలోచించాలి. ఎకరం భూమిని నలుగురు అన్నదమ్ములకు పంచితే తలా పది గుంటలు వస్తాయి. తన పది గుంటల్లో ఎవరికి వాళ్లు ఏమైనా పండించుకోవచ్చు. వేలిముద్రను అలా నాలుగు ముక్కలుగా కోస్తే ప్రతి ముక్కలోనూ పావు వంతు ముద్ర ఉంటుంది. పావు ముద్రతో కూడా మనిషిని పోల్చే ప్రయత్నం చేయవచ్చు.

అవధానంలో వ్యస్తాక్షరి అని ఒక అంశం ఉంటుంది. పృచ్ఛకుడు ఒక వాక్యంలోని అక్షరాలను వరుస తప్పించి, సంఖ్య చెబుతూ ఒక్కో చీటీ అందిస్తాడు. అవధాని అన్నీ గుర్తుపెట్టుకుని చివర్లో మొత్తం వాక్యం చెబుతాడు. సభలో కూర్చున్న తెలివైన శ్రోత అన్ని చీటీలూ అందకముందే వాక్యాన్ని ఊహించగలడు. ఒకటో అక్షరం "సం", రెండోది "గా", మూడోది "రె" అని తెలిశాక నాలుగోది ఏమిటో ఈ జిల్లా పిల్లలకు చెప్పాలా? ప్రతి చీటీలోనూ రహస్యంలో కొంత భాగం ఉంది కాబట్టే ఊహకు చోటు దొరికింది.

మనకు కావాల్సిన పంపకం వేరు. ఎకరాన్ని నలుగురికి పంచాలి. విడిగా ఏ ఒక్కరికీ అడుగు నేల కూడా రాకూడదు. నలుగురూ వచ్చి నిలబడితే ఎకరం మొత్తం అక్కడ ఉండాలి. భూమితో ఇది సాధ్యం కాదు. లెక్కలతో సాధ్యం.

ఒక గీత, ఒక పట్టిక

1979లో ఇజ్రాయెల్ శాస్త్రవేత్త ఆది షామీర్ రెండు పేజీల వ్యాసంలో ఈ పంపకం చేసి చూపించాడు. అదే ఏడాది అమెరికాలో జార్జ్ బ్లాక్లీ వేరే దారిలో అక్కడికే చేరాడు. షామీర్ తన వ్యాసాన్ని ఒక పాత లెక్కతో మొదలుపెట్టాడు. పదకొండుమంది శాస్త్రజ్ఞులు ఒక రహస్య పత్రాన్ని బీరువాలో పెట్టారు. ఏ ఆరుగురు కలిసినా బీరువా తెరుచుకోవాలి, ఐదుగురే ఉంటే తెరుచుకోకూడదు. తాళాలతో ఈ పని చేయాలంటే 462 తాళాలు కావాలి, ఒక్కో శాస్త్రజ్ఞుడూ 252 తాళంచెవులు మోయాలి. సారు పెట్టెకు రెండు తాళాలతో పని జరిగింది. మనుషులు పెరిగేకొద్దీ ఇనుముతో ఆ పని జరగదు.

షామీర్ ఇనుము వదిలేసి గీత పట్టుకున్నాడు. కాగితం మీద ఒక్క చుక్క పెడితే దాని గుండా ఎన్ని గీతలైనా గీయవచ్చు. రెండో చుక్క పెడితే ఒక్క గీతే కుదురుతుంది. ఆ గీత నిలువు అక్షాన్ని ఎక్కడ తాకుతుందో అదే రహస్యం. ఎంతమందికి కావాలంటే అంతమందికి గీత మీది చుక్కలు తలా ఒకటి ఇవ్వవచ్చు. ఏ ఇద్దరు కలిసినా గీత దొరుకుతుంది. ఒక్కడికి మాత్రం రహస్యం ఎక్కడైనా ఉండవచ్చు. ముగ్గురు కలిస్తేనే తెలియాలంటే గీత బదులు వంపు తీసుకోవాలి. సారు బోర్డు మీద గీసిన పరావలయం గుర్తుందా? మూడు బిందువులు తెలిస్తేనే అది ఖాయమవుతుంది.

ఈ కథలో మన తెలుగువాడి చెయ్యి కూడా ఉంది. కల్యంపూడి రాధాకృష్ణారావు, లోకానికి సి.ఆర్.రావు. 1920లో హడగలిలో పుట్టారు. గూడూరు, నూజివీడు, నందిగామ, విశాఖపట్నంలలో చదివి, ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితం పూర్తిచేసి, కలకత్తాలోని భారత గణాంక సంస్థలో చేరారు. 2023లో, నూట రెండేళ్ల వయసులో కన్నుమూశారు. 1940ల్లో ఆయన ఆర్థోగొనల్ ఎరేలు అనే పట్టికలకు సిద్ధాంతం కట్టారు. అప్పటి అవసరం ప్రయోగాలది. తక్కువ ప్రయోగాలతో ఎక్కువ తెలుసుకోవడం ఎలాగన్నది ప్రశ్న. ఆ కుటుంబంలో అతి చిన్న పట్టిక ఇది:

0 0 0
0 1 1
1 0 1
1 1 0

ఇందులో ఏ రెండు నిలువు వరుసలు తీసుకున్నా 00, 01, 10, 11 అనే నాలుగు జతలూ సరిగ్గా ఒక్కోసారి వస్తాయి. మీలో ఆర్ అండ్ డీ ల్యాబుల్లో పనిచేసేవాళ్లకు ఇది కొత్త కాదు. ఉష్ణోగ్రత తక్కువా ఎక్కువా, కలియబెట్టే వేగం తక్కువా ఎక్కువా, రియాక్టరులోకి పదార్థం వదిలే వేగం తక్కువా ఎక్కువా అని మూడు అంశాల అన్ని కలయికలనూ పరీక్షించాలంటే ఎనిమిది ప్రయోగాలు కావాలి. ఈ పట్టిక పట్టుకుంటే నాలుగు ప్రయోగాలతో ఒక్కో అంశం ప్రభావాన్ని అంచనా కట్టవచ్చు.

ఇప్పుడు అదే పట్టికను ఇంకో కంటితో చూడండి. మొదటి నిలువు వరుస మీ వాటా, రెండోది నా వాటా, మూడోది రహస్యం. మీ వాటా 0 అనుకోండి. పట్టికలో 0తో మొదలయ్యే అడ్డు వరుసలు రెండు. ఒకదాని చివర 0 ఉంది, ఇంకోదాని చివర 1 ఉంది. అంటే మీకు ఏమీ తెలియలేదు. నాకూ అంతే. ఇద్దరం పక్కపక్కన నిలబడగానే అడ్డు వరుస ఒక్కటే మిగులుతుంది, రహస్యం తెలిసిపోతుంది. షామీర్ పంపకాలు కూడా ఈ పట్టికల వంశానికే చెందుతాయని తర్వాతి గణితవేత్తలు తేల్చారు. ల్యాబులో మందు తయారీని మెరుగుపరిచే పట్టికే మనిషి రహస్యాన్నీ కాపాడగలదు.

బొమ్మా బొరుసూ

1994లో ఇటలీలోని పెరూజాలో జరిగిన యూరోక్రిప్ట్ సదస్సులో మోనీ నయోర్, ఆది షామీర్ కలిసి ఈ పంపకాన్ని బొమ్మలకు తెచ్చారు. దాని అందమేమిటంటే, విప్పడానికి కంప్యూటర్ అక్కరలేదు. రెండు ప్లాస్టిక్ షీట్లు ఒకదాని మీద ఒకటి పెట్టి వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే చాలు, కన్నే విప్పుతుంది.

చేసే తీరు పిల్లలకు కూడా అర్థమవుతుంది. బొమ్మ అంటే నల్ల చుక్కలు, తెల్ల చుక్కలు. ప్రతి చుక్క దగ్గరా ఒక రూపాయి బిళ్ల ఎగరేయండి. బొమ్మ పడితే మొదటి షీటు మీద ఆ చుక్కలో ఎడమ సగం నలుపు చేయండి. బొరుసు పడితే కుడి సగం నలుపు. ఇప్పుడు రెండో షీటు. అసలు బొమ్మలో అక్కడ తెలుపు ఉంటే మొదటి షీటులో చేసినట్టే చేయండి. నలుపు ఉంటే దానికి ఎదురు సగం నలుపు చేయండి. రెండు షీట్లూ కలిపితే తెల్ల చుక్కలో సగమే నలుపు ఉంటుంది, నల్ల చుక్క మొత్తం నల్లబడుతుంది. కన్ను ఆ తేడాను పట్టుకుంటుంది. ఇందాకటి పట్టికలో వాటాల వరుసల్లో 0 అంటే ఎడమ, 1 అంటే కుడి, రహస్యం వరుసలో 0 అంటే తెలుపు, 1 అంటే నలుపు అనుకుని చూడండి, ఇది అదే పట్టిక.

ఒక్క షీటే దొరికిన దొంగకు ఏం కనబడుతుంది? ప్రతి చుక్కలో సగం నలుపు, సగం తెలుపు, ఏ పక్క నలుపో రూపాయి బిళ్ల ఇష్టం. ఇంకెంత పెద్ద కంప్యూటర్ తెచ్చినా, వందేళ్లు కూర్చున్నా, లేని సమాచారాన్ని బయటికి తీయలేడు. మనం ఫోన్లలో వాడే చాలా తాళాలు "ఈ లెక్క చేయడం చాలా కష్టం" అనే నమ్మకం మీద నిలబడ్డాయి. రేపు అంతకన్నా బలమైన యంత్రం వస్తే ఆ కష్టం తగ్గవచ్చు. ఈ పద్ధతికి అలాంటి భయం లేదు. ఒంటరి షీటులో విప్పడానికి అసలేమీ లేదు.

నాకు దీని మీద మమకారం ఇంకో కారణంతో. మా అమ్మ చదవలేదు, కానీ చూడగలదు. తన ముద్రను తనే రెండు షీట్లు కలిపి చూసి, "ఇది నాదే" అనగల పద్ధతి ఇది. ఆమె తరఫున ఇంకొకరు యంత్రం ముందు కూర్చోనక్కరలేదు.

మసక నుంచి స్పష్టం దాకా

నయోర్, షామీర్ పద్ధతిలో ఒక పట్టుదల ఉంది. కావాల్సినంతమంది వచ్చేదాకా ఏమీ కనబడదు. రాగానే మొత్తం కనబడుతుంది. లోకంలో నమ్మకం అలా ఉండదు. కొత్తగా వచ్చినవాడికి గుమ్మం దాకా, తెలిసినవాడికి వరండా దాకా, అయినవాడికి వంటింటి దాకా రానిస్తాం. బొమ్మ కూడా అలా మెట్లు మెట్లుగా తెరుచుకోవాలనే ఆలోచనతో పుట్టినవే క్రమక్రమంగా తేటపడే పంపకాలు. 2005లో సింగపూర్‌లో డువో జిన్, వెయ్-చీ యాన్, మోహన్ కంకణహళ్లి రంగు బొమ్మలకు ఇలాంటి పద్ధతి ప్రతిపాదించారు. 2011లో తైవాన్ పరిశోధకులు హౌ, చ్వాన్ చేసిన పద్ధతి నాకు చాలా ఇష్టం. అందులో షీటు సైజు పెరగదు, అసలు బొమ్మకు ఎన్ని చుక్కలో షీటుకూ అన్నే. దాన్నే ఇప్పుడు మీ ముందు చేసి చూపిస్తాను.

నలుగురు పిల్లలు లేచి రండి. తలా ఒక షీటు తీసుకోండి. ఒక్కొక్కటిగా ఈ బల్బుకు అడ్డంపెట్టి చూపించండి. ఏం కనబడుతోంది? "ఇసుక చల్లినట్టున్నది సార్" అంటోంది ఈ అమ్మాయి. నాలుగూ అంతే. ప్రతి షీటులో పావు వంతు నలుపు, ముప్పావు వంతు ఖాళీ.

వీటిని చేసిన తీరు చెబుతాను. అసలు బొమ్మలో తెల్ల చుక్క ఉన్నచోట నలుగురికీ ఒకటే ఇచ్చాను. నాలుగుసార్లలో ఒకసారి చొప్పున అందరికీ నలుపు, మిగతా మూడుసార్లు అందరికీ ఖాళీ. ఎప్పుడు ఏదన్నది చీటీ తీసి నిర్ణయించాను. నల్ల చుక్క ఉన్నచోట నలుగురిలో ఒక్కరికే నలుపు ఇచ్చాను, ఆ ఒక్కరు ఎవరో కూడా చీటీయే చెప్పింది. విడిగా ఎవరి షీటు చూసినా, చుక్క అసలు తెలుపైనా నలుపైనా, అది నల్లగా ఉండే అవకాశం నాలుగింట ఒకటే. అందుకే ఇసుక.

ఇప్పుడు ఇద్దరు మీ షీట్లు ఒకదాని మీద ఒకటి పెట్టండి. మూలల్లో గుర్తులు సరిగ్గా కలవాలి, వెంట్రుకవాసి జరిగినా కనబడదు. ఆ, కుదిరింది. ఏదో రాత ఉన్నట్టు నీడలా కనబడుతోంది. తెలుపు ఉన్నచోట నలుపు పావు వంతు దగ్గరే ఆగిపోయింది, ఎందుకంటే అక్కడ ఇద్దరిదీ ఒకటే. నలుపు ఉన్నచోట సగమైంది. మూడో షీటు పెట్టమ్మా. ముప్పావు వంతయింది, అక్షరాలు ఆనవాలు పట్టవచ్చు. నాలుగోది కూడా పెట్టండి. ఇప్పుడు నలుపు నూటికి నూరు, చుట్టూ ఉన్న నేల మాత్రం అదే పావు వంతు. గట్టిగా చదవండి.

"సరిచూడు."

అది సారు చేతిరాత. లెక్క ఎంత బాగా చేసినా కింద ఎర్రసిరాతో ఆయన రాసే మాట. నా తొమ్మిదో తరగతి నోటుపుస్తకం నుంచి తీసుకున్నాను.

మన వాడలో దీని పని

ఇది ప్రదర్శనకు పనికొచ్చే గారడీ మాత్రమే అయితే మీ సాయంత్రాన్ని తీసుకునేవాణ్ణి కాదు. మన చుట్టూ ఉన్న ఫ్యాక్టరీల్లో రియాక్టర్లు, బాయిలర్లు, సాల్వెంట్ ట్యాంకులు ఉన్నాయి. ప్రతిదానికీ ప్లాంటు నక్షా ఉంటుంది. అందులో ఏ పైపు ఎక్కణ్ణుంచి ఎక్కడికి పోతుందో, ఏ మందు ఏ వరుసలో తయారవుతుందో ఉంటుంది. అది యాజమాన్యానికి ప్రాణం లాంటి రహస్యం, దాచుకోవడంలో తప్పు లేదు. రాత్రి షిఫ్టులో ప్రమాదం జరిగితే మాత్రం అదే నక్షా లోపలున్న కార్మికుడికి ప్రాణం. అగ్నిమాపక సిబ్బంది గేటు దగ్గరికి వచ్చి, ట్యాంకులు ఎటువైపు, నీళ్ల హైడ్రెంటు ఎక్కడ, రెండో దారి ఏది అని అడిగినప్పుడు, నక్షా ఉన్న కంప్యూటర్ పాస్‌వర్డ్ తెలిసిన ఒకే ఒక్కాయన ఊళ్లో లేకపోతే ఏం చేస్తాం?

2009లో తైవాన్‌లోనే రాన్-జాన్ వాంగ్ అనే పరిశోధకుడు ఒక పద్ధతి ఇచ్చాడు. అందులో బొమ్మలోని ఒక్కో ప్రాంతం ఒక్కో మెట్టు మీద బయటపడుతుంది. ప్లాంటు నక్షాను ఆ తీరున నాలుగు వాటాలు చేశామనుకోండి. షిఫ్టు ఇన్‌ఛార్జి దగ్గర ఒకటి, సేఫ్టీ ఆఫీసర్ దగ్గర ఒకటి, యాజమాన్యం దగ్గర ఒకటి, ఫైర్ స్టేషన్‌లో ఒకటి. షిఫ్టు ఇన్‌ఛార్జి, ఫైర్ ఆఫీసర్ ఇద్దరే కలిసినా గేట్లు, హైడ్రెంట్లు, ట్యాంకులు కనబడాలి. ముగ్గురు కలిస్తే పైపులైన్లు. నలుగురూ కలిస్తేనే తయారీ వివరాలు. కంపెనీ రహస్యమూ దక్కుతుంది, మనిషీ దక్కుతాడు. ఈ రెండూ ఒకదానికొకటి అడ్డమని ఇన్నాళ్లూ మనకు చెబుతున్నారు. లెక్కల్లో అవి అడ్డం కావు.

సరిచూసుకోవాల్సినవి

సారు మాట ప్రకారం ఈ పద్ధతిని కూడా సరిచూడాలి. మొదటిది, మసక అంటే భద్రం కాదు. ఇందాక ఇద్దరు కలిసినప్పుడే నీడలాంటి రాత కనిపించింది. ఆ నీడను కంప్యూటర్‌కు ఇస్తే ఇంకాస్త తేటపరుస్తుంది. కాబట్టి కొంచెం బయటపడినా నష్టం లేని బొమ్మలకే మెట్ల పద్ధతి వాడాలి. నక్షా పై రూపురేఖలకు సరిపోతుంది. వేలిముద్రకు సరిపోదు. దానికి కావాల్సింది పాత పట్టుదలే: కావాల్సినంతమంది లేకపోతే శూన్యం. పైగా ముద్రను సరిపోల్చాలంటే గీతలు స్ఫుటంగా ఉండాలి, షీట్లు కలపడంలో ఆ స్ఫుటత్వం పోతుంది. అక్కడ షామీర్ గీతల లెక్కతో కంప్యూటర్‌లోనే పంచి, ఒక్క గీత పోకుండా తిరిగి పొందే దారి మంచిది. 2002లో థియెన్, లిన్ బొమ్మలను షామీర్ బహుపదులతో పంచే పద్ధతి చూపించారు. అందులో ఒక్కో వాటా అసలు బొమ్మకన్నా చిన్నదిగా కూడా ఉంటుంది.

రెండోది, వాటాదారుల్లో కొందరు కుమ్మక్కైతే? నకిలీ షీటు తయారుచేసి, కలిపినప్పుడు తప్పుడు బొమ్మ కనబడేలా మిగతావాళ్లను మోసగించవచ్చని 2006లో హోర్ంగ్, చెన్, త్సాయ్ నిరూపించారు. వాటా అసలుదో కాదో తేల్చే ఏర్పాటు విడిగా ఉండాలి. మూడోది, రెండు వాటాలూ ఒకే బీరువాలో, ఒకే సర్వర్‌లో పెడితే పంపకం చేసిన ఫలమే ఉండదు. గణితం చేతులను వేరు చేయగలదు, వేరుగా ఉంచాల్సింది మనుషులు. సారు తన తాళంచెవిని రెండో అధికారి టేబుల్ సొరుగులో పెట్టి పోయి ఉంటే రెండు తాళాలు ఎందుకు?

వేలిముద్ర దగ్గరికి మళ్లీ వస్తాను. 2011లో అమెరికాలో అరుణ్ రాస్, ఆసెమ్ ఒత్మాన్ ఈ దారిలో ఒక అడుగు వేశారు. ముఖం ఫొటోను రెండు వాటాలుగా చేసి రెండు వేర్వేరు డేటాబేసుల్లో ఉంచే పద్ధతి చూపించారు. ఏ ఒక్క డేటాబేసు దొంగ చేతికి చిక్కినా ఆ ముఖం బయటపడదు. ఈ పంపకాల్లో నాకు అన్నిటికన్నా ధైర్యమిచ్చే సంగతి ఒకటుంది. ఒక వాటా నకలు దొంగకు చిక్కిందని తెలిస్తే, వాటాలు కలిపి కొత్తగా చీటీలు తీసి మళ్లీ పంచవచ్చు. పాత వాటాలు చెరిపేస్తే దొంగ చేతిలోది చిత్తుకాగితమైపోతుంది. వేలు మార్చుకోలేం, వాటాలు మార్చుకోగలం.

మూడు విన్నపాలు

ఈ వేదిక మీద నుంచి మూడు విన్నపాలు చేసుకుంటున్నాను.

మొదటిది అధికారులకు. ఒక మనిషి వేలిముద్ర మొత్తంగా ఒకేచోట ఉండే పద్ధతి పోవాలి. 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం పుట్టస్వామి కేసులో గోప్యత ప్రాథమిక హక్కు అని తీర్పిచ్చింది. 2023లో వ్యక్తిగత డేటా రక్షణకు చట్టం కూడా వచ్చింది. దస్తావేజు మీద ముద్రను మూడు వాటాలు చేసి, ఒకటి రిజిస్ట్రేషన్ ఆఫీసులో, ఒకటి జిల్లా స్థాయిలో, ఒకటి భూమి యజమాని చేతిలో ఉంచవచ్చు. ఏ రెండు కలిసినా ముద్ర తేలుతుంది కాబట్టి ఒకటి పోయినా పని ఆగదు. తగాదా వచ్చినప్పుడు యజమాని తన వాటాతో కోర్టుకు వస్తాడు. హక్కు అనే మాటకు అప్పుడు చేతిలో పట్టుకోగల రూపం వస్తుంది.

రెండోది మన పరిశ్రమల యాజమాన్యాలకు. మీ దగ్గర రావుగారి పట్టికలు వాడే పిల్లలున్నారు. కంది దగ్గర ఐఐటీ మనకు పక్కనే ఉంది. ఒక్క ప్లాంటు నక్షాతో, ఒక్క మాక్ డ్రిల్లులో ఈ పంపకాన్ని ప్రయోగించి చూడండి. లోపాలుంటే చెప్పండి, దిద్దుకుందాం.

మూడోది బొంతపల్లి ఇళ్లకు. బియ్యం తీసుకునే చోటైనా, డబ్బు తీసుకునే చోటైనా వేలు పెట్టేముందు ఎందుకు, ఎన్నిసార్లు అని అడగండి. ఆధార్‌లో బయోమెట్రిక్‌ను మీరే లాక్ చేసుకుని, అవసరమైనప్పుడు తెరుచుకునే ఏర్పాటు ఉంది. చదువుకున్న పిల్లలు ఈ రాత్రే మీ అమ్మానాన్నలకు అది చేసిపెట్టండి. రసాయనాల్లో పనిచేసి గీతలు అరిగిపోయిన వేళ్లు ఈ వాడలో చాలా ఉన్నాయి. మిషన్ ఒప్పుకోలేదని వాళ్లను వెనక్కి పంపకుండా ఇంకో దారి చూపించమని కూడా అడగండి.

ఈ నాలుగు షీట్లను నేను తిరిగి తీసుకుపోవడం లేదు. ఒకటి బడికి, ఒకటి సారు ఇంటికి, ఒకటి గ్రంథాలయానికి ఇస్తున్నాను. నాలుగోది "ఇసుక చల్లినట్టున్నది" అన్న ఈ అమ్మాయికి. వచ్చే ఏడు ఈ సభకు నలుగురూ తెచ్చి కలపండి. ఎవరో ఒకరు రాలేకపోయినా మిగతా ముగ్గురితో సారు రాత ఆనవాలు పట్టవచ్చు. ఇద్దరే వస్తే నీడైనా కనబడుతుంది. ఒక్కరే మిగిలితే ఇసుక తప్ప ఏమీ ఉండదు. కాబట్టి మీ వాటా జాగ్రత్తగా పెట్టుకోండి, మిగతా ముగ్గురి వాటాలు ఉన్నాయో లేదో అప్పుడప్పుడు వెళ్లి అడుగుతూ ఉండండి. సారు ఇక మనలో ఏ ఒక్కరి చేతిలోనూ లేరు. మన నడుమ ఉన్నారు.